పాత ట్రక్కుకు పట్టా గూడు
నాలుగు పైపులు, ఒక పట్టా ఉంటే పంట తడవకుండా యార్డుకు చేరుతుంది

పంట పండించడం ఒక ఎత్తయితే, పండిన పంటను తడవకుండా మార్కెట్ యార్డు దాకా చేర్చడం మరో ఎత్తు. కోతలు కోసి, ఆరబెట్టి, బస్తాలకెత్తి ట్రాక్టరు ట్రక్కులో వేసేదాకా పడిన కష్టమంతా దారిలో పడిన అరగంట వానకు నీళ్ల పాలవుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను వరి రైతులను ఎంత ఏడిపించిందో మరచిపోలేం. తుపానే రానక్కర లేదు. చైత్ర, వైశాఖాల్లో సాయంత్రం పూట కమ్ముకొచ్చే గాలివాన చాలు.

వాన రాగానే బస్తాల మీద పట్టా కప్పుతున్నాం గదా అంటారేమో! కప్పుతున్నాం. కానీ బస్తాల మీద చదరంగా పరచిన పట్టాలో నీళ్లు గుంటలుగా నిలుస్తాయి. ట్రక్కు కుదుపులకు పట్టా చిరిగి ఆ నీరంతా బస్తాల్లోకి దిగుతుంది. గాలికి పట్టా లేచిపోతే పట్టుకోవడానికి మనిషి బస్తాల మీద కూర్చోవాలి. అది ప్రాణాలతో చెలగాటం. మన పెద్దలు గూడు బండికి వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పేవారు. నీరు ఎక్కడా నిలవకుండా రెండు పక్కలకూ జారిపోయేది. అదే ఉపాయాన్ని పాత ట్రక్కుకు అమర్చుకోవచ్చు. కొన్ని జిల్లాల్లో ట్రాలీ అనీ, తొట్టి అనీ పిలిచేది కూడా ఈ ట్రక్కునే.

అరగంట వాన - అసలు లెక్క

సాధారణంగా ట్రక్కు తొట్టి పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉంటుంది. దాని మీద రెండు సెంటీమీటర్ల వాన పడిందంటే తొట్టిలో పడే నీరు సుమారు 110 లీటర్లు. ట్రక్కులో 75 కిలోల బస్తాలు నలభై, అంటే మూడు టన్నుల ధాన్యం ఉందనుకోండి. బయలుదేరినప్పుడు తేమ 17 శాతం. ఆ 110 లీటర్లూ ధాన్యం తాగితే తేమ 20 శాతానికి చేరుతుంది. కొనుగోలు కేంద్రంలో వరి ధాన్యానికి తేమ 17 శాతం దాటకూడదు. ఇక యార్డులోనే బస్తాలు విప్పి మళ్లీ ఆరబోసుకోవాలి. కూలి ఖర్చు, ట్రక్కు వెయిటింగు, రాత్రి కాపలా అన్నీ మన నెత్తినే. అంత ఓపిక లేక తరుగుకు ఒప్పుకుని అయినకాడికి అమ్ముకునే వాళ్లూ ఉన్నారు. పట్టా గూడు ఖర్చును ఈ నష్టంతో పోల్చి చూసుకోండి.

ముందు ట్రక్కును తట్టి చూడండి

పాత ట్రక్కు అంటే తుప్పు ఉండనే ఉంటుంది. పక్క గోడల నిలువు ఛానళ్లను సుత్తితో తట్టి చూడండి. గట్టిగా మోగితే ఫరవాలేదు. డొల్ల శబ్దం వచ్చినా, రేకు రాలినా ముందు ఆ ఛానలు మార్పించాలి. తుప్పు పట్టిన ఇనుముకు వెల్డింగు నిలవదు. తొట్టి అడుగున చిల్లులుంటే రేకు ముక్కలు అతికించండి. పైన ఎంత బాగా కప్పినా, చక్రాలు చిమ్మే బురద నీరు కింది చిల్లుల్లోంచి మొదటి వరుస బస్తాలను తడిపేస్తుంది.

తర్వాత టేపు పట్టి పొడవు, వెడల్పు, గోడ ఎత్తు కొలిచి కాగితం మీద రాసుకోండి. ఇక్కడ చెప్పే కొలతలు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల గోడ ఉన్న ట్రక్కుకు. మీ ట్రక్కు వేరుగా ఉంటే దాన్నిబట్టి మార్చుకోవాలి.

కావలసిన సామాను

- ముప్పావు అంగుళం ఇనుప పైపులు, 20 అడుగులవి - 4
- అంగుళం పైపు - 10 అడుగులు
- కొక్కేలకు 8 ఎం.ఎం. చువ్వ - 12 అడుగులు
- 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు పట్టా - 1
- పాత సైకిలు, స్కూటరు ట్యూబులు, కట్టు తీగ, నైలాను తాడు
- బోల్టులు - 10, రెడ్ ఆక్సైడు రంగు

నాలుగు పైపులనూ సగానికి కోస్తే ఎనిమిది ముక్కలవుతాయి. అయిదు కమాన్లకు, మూడు పొడుగు పైపులకు సరిపోతాయి. ముక్క కూడా వృథా కాదు. 20 అడుగుల పైపు అన్నది నిజానికి 6 మీటర్లే ఉంటుంది కాబట్టి ఒక్కో ముక్క పది అడుగులకు రెండంగుళాలు తక్కువ వస్తుంది. దానికి చింత లేదు, చివరి కమాన్లను అంచుకు అంగుళం లోపలికి పెట్టుకుంటే సరి.

పైపుల మీద రంగు పట్టీ ఉంటుంది. పసుపు పట్టీ పలుచన రకం, నీలం పట్టీ మధ్య రకం, ఎరుపు పట్టీ మందం రకం. కమాన్లకు నీలం పట్టీ పైపు తీసుకోండి. నాలుగు పైపులూ కలిపి సుమారు 38 కిలోలు తూగుతాయి. రేట్లు ఊరికో తీరుగా ఉంటాయి కనుక కిలో రేటు అడిగి గుణించుకుంటే ఖర్చు తేలిపోతుంది. అంగుళం పైపు మాత్రం పసుపు పట్టీది కావాలి. ఎందుకంటే ముప్పావు పైపు దీనిలోకి దిగాలి. నీలం పట్టీదైతే లోపలి అతుకు అడ్డుపడి బిగుసుకుపోతుంది. కొట్లోనే ముక్కను ముక్కలోకి తోసి చూసుకున్నాకే డబ్బు కట్టండి.

గొట్టాలు ఎక్కడ అతకాలి?

అంగుళం పైపును అడుగు చొప్పున పది ముక్కలు చేయించండి. పక్కకు అయిదు చొప్పున, రెండున్నర అడుగులకొకటి, గోడ బయటి వైపు నిలువుగా వెల్డింగు చేయించాలి. గొట్టం పై అంచు గోడ పై అంచుతో సమానంగా ఉండాలి. అడుగు భాగం మూసేయకండి. మూస్తే వాన నీరు, ధూళి నిలిచి తుప్పు పడుతుంది.

ముఖ్యమైన మాట ఒకటి. పక్క తలుపులు కిందికి వాలే రకం ట్రక్కయితే తలుపుల మీద గొట్టాలు అతకవద్దు. కదలని నిలువు ఛానళ్ల మీదే అతకాలి. అవసరమైతే కమాన్ల మధ్య దూరం కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. వెనక తలుపు ఎప్పుడూ తెరుచుకునేలా ఉండాలి. వెల్డింగు చేసేటప్పుడు ట్రాక్టరును ట్రక్కు నుంచి విడదీసి దూరంగా పెట్టండి. గడ్డి, గోనెలు దరిదాపుల్లో ఉండకూడదు. జింకు పూత ఉన్న జీఐ పైపు అయితే అతికే చోట పూతను ఆకురాయితో గీకేయాలి. ఆ పూత కాలితే వచ్చే తెల్లని పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. నల్ల పైపు తెచ్చి రంగు వేసుకోవడం చవక, క్షేమం కూడా.

కమాను వంచడం ఇలా

పైపు వంచే మిషను ఉన్న షాపు దగ్గర్లో ఉంటే సరేసరి. లేకపోతే ఇంటి దగ్గరే వంచుకోవచ్చు. పైపులో బాగా ఎండిన సన్న ఇసుక దట్టంగా కూరి రెండు చివరలా చెక్క బిరడాలు బిగించండి. ఇసుక ఉంటే పైపు నొక్కుకుపోదు. పాత ఎడ్లబండి చక్రం ఉంటే దాన్ని నేలకు అదిమి పెట్టి, దాని చుట్టూ పైపును కొంచెం కొంచెంగా లాగుతూ రావాలి. ఇద్దరు మనుషులు చాలు. వదిలేశాక పైపు కాస్త విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడంతోనే మనకు కావలసిన ఆరడుగుల వెడల్పు వస్తుంది.

బండి చక్రం లేకపోతే నేలలో మేకు కొట్టి, మూడుంపావు అడుగుల తాడుతో ముగ్గు వేసినట్టు వంపు గీయండి. ఆ గీత మీద గట్టి గుంజలు పాతి, వాటికి ఆనించి వంచుకోవాలి. చివరలు రెండూ అడుగేసి నిటారుగా వదిలేయాలి. గొట్టాల్లోకి దిగేది అదే భాగం. మధ్యలో మిగిలిన దాదాపు ఎనిమిది అడుగుల పైపు వంగితే గోడ మీద రెండడుగుల పైచిలుకు ఎత్తు వస్తుంది. ఇసుక కూరిన పైపును మంటలో పెట్టవద్దు. ఇసుకలో తడి ఉంటే ఆవిరి పట్టి బిరడా ఎగిరి మొహాన తగులుతుంది. మొదటి కమాను ట్రక్కు మీద నిలబెట్టి చూసుకున్నాకే మిగతా నాలుగూ దాని కొలతకు వంచాలి.

కూర్చడం

అయిదు కమాన్లనూ గొట్టాల్లో దించండి. గొట్టానికీ కమానుకూ కలిపి అడ్డంగా ఒక తూటు వేయించి బోల్టు పెడితే గాలికి పైకి లేవదు. తర్వాత నడినెత్తిన ఒక పొడుగు పైపు, రెండు భుజాల మీద చెరొకటి కట్టాలి. వీటిని వెల్డింగు చేయకండి. కమానుకూ పైపుకూ మధ్య ట్యూబు ముక్క పెట్టి కట్టు తీగతో బిగించండి. అప్పుడే అవసరం తీరాక అరగంటలో విప్పేసుకోవచ్చు. పేడ, మట్టి, ఇటుక తోలేటప్పుడు గూడుతో పని లేదు గదా!

తీగ కొసలు లోపలి వైపుకు మడవాలి. పైపు చివరలు ఆకురాయితో నున్నగా రుద్ది ట్యూబు తొడగాలి. పట్టా ఆనే చోటల్లా కమానుకు పాత ట్యూబు గానీ గోనె గానీ చుట్టండి. పట్టాలు చిరిగేది వానకు కాదు, రాపిడికి. రంగు రెండు పూతలు వేసి బాగా ఆరనివ్వండి.

ఏ పట్టా కొనాలి?

ఎక్కువగా దొరికేది ప్లాస్టిక్ అల్లిక పట్టా. దీని మందాన్ని జీఎస్ఎంలో చెబుతారు. అంటే చదరపు మీటరు పట్టా ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ట్రక్కుకు 250 జీఎస్ఎం ఉంటే మంచిది. 18 అడుగులు, 12 అడుగుల పట్టా అంటే 20 చదరపు మీటర్లు. 250 జీఎస్ఎం అయితే 5 కిలోలు తూగాలి. కొట్లో కాటా మీద పెట్టించి చూడండి. రెండున్నర కిలోలే తూగితే అది 120 రకమన్నమాట. దానికి 250 రకం డబ్బు ఇవ్వకండి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 7903 నంబరు ఉన్నాయేమో చూడండి.

లారీలకు కట్టే రబ్బరు పూత పట్టా ఎక్కువ కాలం ఆగుతుంది, ధర కూడా ఎక్కువే. నూలు కాన్వాసు పట్టాకు గాలి ఆడుతుంది, కానీ తడిస్తే బరువెక్కుతుంది, తడిగా మడత పెడితే బూజు పట్టి కుళ్లుతుంది. 24 అడుగులు, 18 అడుగుల పట్టా ఇంట్లో ఉంటే మధ్యకు కోస్తే రెండు ట్రక్కులకు వస్తుంది. ఇద్దరు రైతులు కలిసి కొనుక్కోవచ్చు. కోసిన అంచు మడిచి కుట్టించి, అడుగున్నరకొక రింగు కొట్టించడం మరవకండి.

కప్పే పద్ధతి

18 అడుగుల్లో పది అడుగులు పైకప్పుకు పోతే ముందు నాలుగు, వెనక నాలుగు అడుగులు మిగులుతాయి. వెడల్పులో కమాను చుట్టూ పోగా పక్కకు రెండేసి అడుగులు వేలాడుతుంది. అంటే నాలుగు వైపులా గోడలు పూర్తిగా మూసుకుంటాయి. పట్టా అంచు ఎప్పుడూ గోడకు బయటి వైపే ఉండాలి. లోపలికి దోపితే పైన పడ్డ నీరంతా తొట్టిలోకే దిగుతుంది. చాలా మంది ట్రక్కుల్లో జరిగేది ఇదే.

ముందు వైపు మొదట కట్టాలి. గాలి ఎదురొచ్చేది అటే. తర్వాత పక్కలు, ఆఖరున వెనక. మూలల్లో పట్టాను కవరు మడిచినట్టు మడిచి, మడత నోరు వెనక్కు ఉండేలా చూడండి. నోరు ముందుకు ఉంటే గాలి దూరి పట్టా గొడుగులా ఉబ్బుతుంది. తొట్టి అడుగు చట్రానికి అడుగున్నర దూరంలో కొక్కేలు అతికించి, ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో రింగులను వాటికి తగిలించండి. రబ్బరు సాగుతుంది కనుక కుదుపులకు రింగులు ఊడవు. నూలు తాడు తడిస్తే బిగుసుకుని రింగును లాగేస్తుంది. చివరగా కమానుకూ కమానుకూ మధ్య పై నుంచి నైలాను తాడు అడ్డంగా వేసి రెండు పక్కలా బిగించండి. పట్టా డప్పులా బిగువుగా ఉండాలి. వదులుగా ఉంటే గుంట పడి నీరు నిలుస్తుంది.

గోడ దాటిన పై వరుస బస్తాలను రెండు పక్కలా ముప్పావు అడుగు లోపలికి జరిపి పేర్చాలి. కమాను అక్కడ లోపలికి వంగుతుంది. బస్తా పట్టాకు తగలకూడదు. తగిలిన చోట చెమ్మ దిగుతుంది.

ఇనుము కొనే స్తోమత లేకపోతే

గొట్టాలు మాత్రం అతికించుకుని, కమాన్లకు పచ్చి వెదురు వాడుకోవచ్చు. వెదురును చీల్చి అంగుళంన్నర వెడల్పు బద్దలు తీసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి వంచండి. రెండు బద్దలు జోడించి తీగ చుడితే ఒక కమాను. చివరలు గొట్టంలో దిగేలా చెక్కుకోవాలి. అంచులు నున్నగా చేసి గోనె చుట్టకపోతే పట్టా కోసుకుపోతుంది. ఇవి ఒకటి రెండు సీజన్లు ఆగుతాయి. తర్వాత కొత్త బద్దలు వేసుకోవాలి.

సొంత ట్రక్కు లేని రైతులే ఎక్కువ. అయిదారుగురు కలిసి పట్టా, కమాన్లు ఉమ్మడిగా కొని, ఊళ్లో కిరాయికి తిప్పే ట్రక్కు యజమానిని ఒప్పించి గొట్టాలు అతికించుకుంటే సరిపోతుంది. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు బిగించుకుంటారు. పట్టా చిరిగితే ఎవరు కుట్టించాలో ముందే అనుకోండి. తర్వాత తగాదా ఉండదు.

పంటను బట్టి జాగ్రత్త

వరి: పచ్చి ధాన్యాన్ని పట్టా కింద రాత్రంతా ఉంచితే ఆవిరి పట్టి వేడెక్కుతుంది, రంగు మారుతుంది, మొలక కూడా రావచ్చు. వాన వెలిసిన వెంటనే ముందు, వెనక పట్టా ఎత్తి గాలి ఆడనివ్వండి.

మిరప: చెమ్మ ఉన్న కాయను మూసి ఉంచితే బూజు పడుతుంది, తెల్లకాయ పెరుగుతుంది. బాగా ఆరినదే ఎక్కించాలి.

పత్తి: సీసీఐ 8 నుంచి 12 శాతం తేమ ఉన్న పత్తినే కొంటుంది. ఇక్కడ మరో సంగతి. చివికిన ప్లాస్టిక్ పట్టా పోగులు రాలి పత్తిలో కలుస్తాయి. మిల్లులో అవి తీసినా పోవు. పత్తి మీద ముందు పాత నూలు దుప్పట్లు పరిచి, ఆపైన పట్టా వేయండి. ట్రక్కు దగ్గర బీడీ, చుట్ట బంద్. పట్టా మంటను ఆపదు, తానే కరిగి మీద పడుతుంది.

ప్రాణం ముందు, పంట తర్వాత

గూడు వేశాక ట్రక్కు ఎత్తు నేల నుంచి ఎనిమిది అడుగులు అటూ ఇటూ వస్తుంది. పొలం దారుల్లో వేలాడే కరెంటు తీగల కింద దిగి చూసుకునే దాటండి. పైకి లేచే జాకీ ట్రక్కయితే ఇంకా జాగ్రత్త. తొట్టి లేపినప్పుడు ముందు కమాను పద్నాలుగు అడుగుల దాకా వెళుతుంది. తీగల కింద ఎప్పుడూ లేపవద్దు. ఇనుప కమానుకు తీగ తగిలితే ట్రక్కంతా షాకే. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కూలీలతో వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని ఎందరి ప్రాణాలో పోయాయి.

నీడ ఉంది గదా అని ఈ గూట్లో కూలీలను, పెళ్లివారిని, తిరునాళ్లకు వెళ్లేవారిని ఎక్కించవద్దు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టరు కాలువలో పడి పదిమందికి పైగా కూలీలు చనిపోయారు. ట్రక్కు బోల్తా పడితే పట్టా కట్టిన గూట్లోంచి బయటికి దూకే దారి కూడా ఉండదు. ట్రక్కు సరుకుకే గానీ మనుషులకు కాదు. మనుషులను ఎక్కిస్తే బీమా పరిహారం దగ్గర కూడా చిక్కులు తప్పవు.

వెనక వేలాడే పట్టా నంబరు ప్లేటును, ఎర్ర దీపాన్ని, రిఫ్లెక్టర్లను కప్పేయకుండా చూడండి. పట్టా వెనక అంచుకు ఎర్రగా మెరిసే టేపు అంటించండి. ఖాళీ ట్రక్కు తిరిగి వచ్చేటప్పుడు పట్టా తీసేయాలి. గాలి పడితే ఖాళీ ట్రక్కును అది తెరచాపలా పక్కకు లాగుతుంది. గూడు వేశాం గదా అని తొట్టి గోడలు పెంచడం, ఛాసిస్ కోసి అతకడం చేయించకండి. రిజిస్ట్రేషను కాగితాల్లో ఉన్నదానికి విరుద్ధంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు.

సీజను అయ్యాక

పట్టాను నీళ్లతో కడిగి, రెండు వైపులా నీడన ఆరబెట్టి చుట్ట చుట్టండి. మడతలు పెడితే ఆ మడతల దగ్గరే చిట్లుతుంది. ఎండలో ఆరుబయట వదిలేసిన ప్లాస్టిక్ పట్టా త్వరగా పొడిపొడిగా రాలిపోతుంది. ఎలుకలు కొరకకుండా అటక మీద తాడుకు వేలాడదీయండి. చిన్న చిరుగు కనపడిన రోజే మాసిక వేయించాలి. గొట్టాల్లో కాస్త పాత ఇంజన్ ఆయిలు రాసి, పై నోటికి గుడ్డ బిరడా పెట్టండి.

కోతలు మొదలయ్యాక వెల్డింగు షాపు దగ్గర తీరిక దొరకదు. మబ్బు పట్టాక పట్టాల రేటు పెరుగుతుంది. అందుకే పొలంలో పని పలుచగా ఉన్న రోజుల్లోనే పైపులు వంచి, ఒకసారి పట్టా కట్టి, పైన నాలుగు బిందెల నీళ్లు పోసి చూడండి. ఎక్కడైనా చుక్క కారితే అప్పుడే తెలిసిపోతుంది, పంట ఎక్కించే నాటికి సరిచేసుకోవచ్చు.